బుడ్డలంటే గుడ్లనింది

దొర్నిపాడులో పొద్దు వాలుతోంది. అరుగు మీద కూర్చున్న మా పెద్దనాయన ఫోను నోటి ముందుకు తెచ్చుకుని, కాలవ అవతలి గట్టునున్న మనిషిని కేకేసినట్టు అడిగినాడు.

"బుడ్డల రేటెంత?"

గానుగాడించడానికి రెండు మూటలు కొనాలని వారం నుంచి అనుకుంటున్నాడు. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. ఆయనకు చదవడం వచ్చు, రాయడం వచ్చు. కానీ నలభై ఏండ్లు పార పట్టిన వేళ్లకు ఫోన్లో ఆ చిన్న అక్షరాలు అందవు. ఒకటి నొక్కితే మూడు పడతాయి. అందుకే మనవడు మైకు బొమ్మ చూపించి, "జేజినాయనా, దీన్ని నొక్కి మాట్లాడు, చాలు" అని నేర్పించి పోయినాడు.

తెర మీద అక్షరాలు తేలాయి: గుడ్ల రేటు ఎంత. దాని కింద ఏ ఊర్లో ఎంతో, వంద కోడిగుడ్ల ధరలు బారులు తీరాయి.

"ఏందిరా ఇది? బుడ్డలంటే గుడ్లంటాది. దీనికి చెవుడా?"

"చెవుడు కాదు పెద్దనాయనా. చెవి బాగానే ఉంది."

"మరి గుడ్లు ఏంటికనింది?"

ఒక్క మాటలో చెప్పడం నా వల్ల కాలేదు. ఆ 'ఏంటికి'కి జవాబు వెతకడంలోనే ఒక మనిషి జీవితమంతా గడిచింది. ఆ మనిషి కూడా మన సీమవాడే.

క్లాసులో ఇచ్చిన పని

పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి రాజ్ రెడ్డి. 1937 జూన్ 13న చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. తండ్రి శ్రీనివాసులు రెడ్డిది సేద్యం, తల్లి పిచ్చమ్మది ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆయనే. 1958లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి సివిల్ ఇంజినీరుగా బయటికొచ్చారు. వంతెనలో, ఆనకట్టలో కట్టుకుంటూ ఉండాల్సిన మనిషి ఆస్ట్రేలియా వెళ్లి, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎం.టెక్. చేస్తూ కంప్యూటర్ల దగ్గర చిక్కుకుపోయారు. 1960లో ఆ చదువు ముగించి, అక్కడే ఐబీఎంలో మూడేండ్లు కొలువు చేశారు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ చేరారు.

మరుసటేడు జాన్ మెకార్తీ క్లాసు. కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన మనిషి ఆయన. ఆయన దగ్గర చదివే పిల్లలు తలా ఒక ప్రాజెక్టు చేయాలి. రెడ్డి మాటను ఎంచుకున్నారు: మనిషి నోట వచ్చిన మాటను కంప్యూటరు గుర్తుపట్టేలా చేయడం. క్లాసు అయిపోయేలోగా తేలాల్సిన పని అది. బతుకంతా తేలలేదు.

ఎందుకు తేలలేదో తెలియాలంటే యంత్రం చెవిలో దూరి కూర్చోవాలి. మనకు వినబడేది మాట. దానికి అందేది గాలి కదలిక. మైకులోని పల్చటి పొర ఆ గాలికి అదురుతుంది. ఆ అదురును ఇప్పటి ఫోన్లు సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటాయి. మా పెద్దనాయన "బుడ్డల" అనడానికి అర సెకను పట్టిందనుకుంటే, ఆ అర సెకనులో ఫోను చేతిలో పడ్డవి 8,000 అంకెలు. బకారం లేదు, డకారం లేదు, శనగ లేదు, గుడ్డు లేదు. వట్టి అంకెలు.

వాటిని మినపపప్పు చెరిగినట్టు చెరగాలి. సెకనులో నూరో వంతు చొప్పున జరుగుతూ, ఒక్కో ముక్కలో ఏ శ్రుతి ఎంత బలంగా ఉందో చూస్తూ పోవాలి. 'బ' అనేటప్పుడు పెదాలు మూసుకుంటాయి, గొంతులో మాత్రం సన్నని గుంయిమనే మోత ఉంటుంది. పెదాలు విడిపోయిన క్షణంలో చిన్న పేలుడు. 'గ' అన్నా అంతే. కాకపోతే మూసుకునేది పెదాలు కాదు, నాలుక వెనక భాగం అంగిలికి తగులుతుంది. ఆ రెండింటికీ తేడా ఆ పేలుడులో, దాని వెనకే అచ్చు మొదలయ్యే తీరులో, సెకనులో కొన్ని నూరో వంతులంత సేపు కనబడి మాయమవుతుంది. ఆ వేళకే ఎద్దు గంట మోగిందా, గాలి వీచిందా, ఆ కాస్త తేడా అందులో కలిసిపోతుంది. ఆపైన మా వాళ్ల మాట ఉరవడికి 'డ్డ'లోని అకారం నలిగిపోతుంది. "బుడ్డల" అన్నది "బుడ్ల" అవుతుంది. "బుడ్ల"కూ "గుడ్ల"కూ మధ్య మిగిలింది ఆ ఒక్క పేలుడే.

1966లో రెడ్డి డాక్టరేటు సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ధ్వని తరంగాన్నే నేరుగా విడమరిచి మాటను పట్టుకోవడం అందులోని విషయం. అప్పటికి ఈ దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. 1952లో బెల్ ల్యాబ్స్‌వాళ్లు 'ఆడ్రీ' అనే యంత్రం కట్టారు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలను, అదీ తనకు అలవాటైన గొంతు పలికితేనే, గుర్తుపట్టేది. 1962లో ఐబీఎం చూపించిన 'షూబాక్స్'కు 16 మాటలు వచ్చేవి. 1968కల్లా స్టాన్‌ఫర్డ్‌లో రెడ్డి బృందం నోటి మాటతో యంత్రపు చేతిని కదిలించి, దాన్ని ఫిల్ము తీసి లోకానికి చూపింది.

మరుసటి ఏడాదే దెబ్బ పడింది.

సముద్రంలో బంగారం

1969. బెల్ ల్యాబ్స్‌లో జాన్ పియర్స్ అంటే చిన్న మనిషి కాదు. ట్రాన్సిస్టర్‌కు ఆ పేరు పెట్టింది ఆయనే. అమెరికా ధ్వనిశాస్త్రవేత్తల పత్రికలో ఆయన ఒక లేఖ అచ్చువేయించారు. మాటలు గుర్తుపట్టే యంత్రాల మీద పనిచేసేవాళ్లను అందులో ఉతికి ఆరేశారు. నీళ్లను పెట్రోలు చేస్తామనడం, సముద్రంలోంచి బంగారం తీస్తామనడం ఎలాంటివో ఇదీ అలాంటిదేనన్నారు. బెల్ ల్యాబ్స్‌లో ఆ పని కొన్నాళ్లు మూలనపడింది.

ఎగతాళి అటుంచితే, పియర్స్ లేఖలో గట్టి ఆక్షేపణ ఒకటుంది. మనిషి మాటను చెవితో మాత్రమే వినడు. ఆ భాష వచ్చు కాబట్టి, మాట్లాడుతున్న సంగతి తెలుసు కాబట్టి వింటాడు. ఆ తెలివి లేని యంత్రం శబ్దాలను ఎంత కొలిచినా మాట దొరకదు. ఇదీ ఆయన వాదం.

ఆ సంవత్సరమే రాజ్ రెడ్డి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. అక్కడ ఆయన చేసిన పని చూస్తే, పియర్స్ ఆక్షేపణనే పనిపద్దుగా పెట్టుకున్నట్టు ఉంటుంది. తెలివి లేదంటారా, అయితే చెవికి తెలివి తగిలిద్దాం.

ఆ ప్రయత్నం పేరు 'హియర్‌సే'. మన మాటల్లో, చెవిన పడ్డ మాట. మొదటి హియర్‌సే చదరంగం ఆడేది. ఎదుటివాడు తన ఎత్తును నోటితో చెబితే విని బల్ల మీద వేసుకునేది. ఇందులో కిటుకు చెవిలో లేదు, బల్ల మీద ఉంది. ఆ క్షణాన ఏ ఎత్తులు చెల్లుతాయో దానికి తెలుసు. గుర్రం పోలేని గడికి గుర్రాన్ని పంపమన్నట్టు వినబడిందంటే, తాను విన్నది తప్పని అది తెలుసుకుంటుంది. సగమే వినబడినా మిగతా సగం బల్లే చెబుతుంది.

రచ్చకట్ట మీద నలుగురు

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగం ఆర్పా ఒక పందెం లాంటిది పెట్టింది. అయిదేండ్లు గడువు. వెయ్యి మాటలు రావాలి. మాట తర్వాత మాట ఆపి ఆపి కాకుండా మామూలుగా మాట్లాడితే అర్థం చేసుకోవాలి. నూటికి పది తప్పులు దాటకూడదు.

రెడ్డి, ఆయన సహచరులు దానికోసం కట్టింది రెండో హియర్‌సే. అది పనిచేసే తీరును మా పెద్దనాయనకు రచ్చకట్టతో పోల్చి చెప్పాను. కట్ట మీద నలుగురు కూర్చున్నారనుకో. ఒకడు శబ్దాలు తెలిసినవాడు. ఒకడు మాటలు తెలిసినవాడు. ఇంకొకడికి ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో తెలుసు. నాలుగోవానికి అసలు సంగతేమిటో తెలుసు. మధ్యలో ఒక నల్లబల్ల. మొదటివాడు 'బ గానీ గ గానీ' అని రాస్తాడు. రెండోవాడు చూసి 'బుడ్ల కావచ్చు, గుడ్ల కావచ్చు' అంటాడు. మూడోవాడు 'రెండూ రేటు ముందు ఇముడుతాయి' అంటాడు. నాలుగోవాడు 'అడిగింది గానుగకు పోయే మనిషి, గుడ్లెందుకు' అని తేలుస్తాడు. ఎవరూ ఎవరితో నేరుగా మాట్లాడరు. బల్ల చూసి తన మాట తాను చేరుస్తారు, పక్కవాడిది తప్పనిపిస్తే చెరుపుతారు.

"పంచాయితీ మాదిరి," అన్నాడు పెద్దనాయన.

పంచాయితీ మాదిరే. అందుకే తీర్పు ఆలస్యమయ్యేది. ఆ బృందంలోనే బ్రూస్ లోవర్ అనే విద్యార్థి మరో దారి పట్టాడు. 'హార్పీ' అని పేరు పెట్టాడు. నలుగురి తెలివినీ ముందే కలిపి ఒకటే దారుల పటం గీశాడు. దాదాపు 15,000 మజిలీలున్న పటం అది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా పోగల దారులన్నీ అందులోనే ఉంటాయి. విన్న శబ్దాలకు ఏ దారి బాగా సరిపోతుందో చూడటమే ఇక మిగిలిన పని. కానీ అన్ని దారులూ నడిచి చూడాలంటే తెల్లారిపోతుంది.

దీనికి మా ఊరి ఉపమానం తప్పిపోయిన బర్రె. తోటలోంచి ఆరు దోవలు పోతాయి. ఆరింటా చివరిదాకా ఎవరూ పోరు. ప్రతి మలుపులో గిట్టల గుర్తులు చూసి, తాజాగా ఉన్న రెండు మూడు దోవల్లోనే మనుషుల్ని పంపి, తక్కినవి వదిలేస్తారు. ఒక్క దోవనే నమ్ముకుంటే బర్రె పక్క దోవన పోయి ఉండొచ్చు. అన్నీ వెతికితే చీకటి పడుతుంది. హార్పీ చేసింది ఇదే. అడుగడుగునా బాగా ఆనిన కొన్ని దారులు నిలుపుకుని తక్కినవి కోసేయడం. ఈ పద్ధతిని బీమ్ సెర్చ్ అంటారు. మాట వినే యంత్రాల్లో తర్వాత వచ్చిన చాలావాటికి అదే ఆధారమైంది.

1976లో గడువు ముగిసింది. 1,011 మాటలు వచ్చిన హార్పీ, అర్థం చెడే తప్పులు నూటికి అయిదు దగ్గర ఆపి పందెం గెలిచింది. గెలిచినా ఆర్పా ఆ పద్దును కొనసాగించలేదు. డబ్బు ఆగింది, ప్రయోగశాలలో దీపం ఆరలేదు.

ఒప్పుకోని గురువు

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1980ల్లో వస్తుంది. కై-ఫు లీ అనే యువకుడు రెడ్డి దగ్గర డాక్టరేటు చేస్తున్నాడు. మాటల గురించి మనకున్న తెలివిని సూత్రాలుగా రాసి యంత్రానికి ఎక్కించాలన్నది రెడ్డి ఇన్నేండ్లు నడిచిన దారి. శిష్యుడికి ఆ దారి నచ్చలేదు. సూత్రాలు మనం రాయొద్దు, వేల వాక్యాలు వినిపిద్దాం, ఏ శబ్దం తర్వాత ఏది ఎంత తరచుగా వస్తుందో లెక్కలు అదే కట్టుకుంటుంది అన్నాడు. ఈ లెక్కల దారి కొత్తదేమీ కాదు. 1970ల్లోనే కార్నెగీ మెలన్‌లో జేమ్స్ బేకర్ అందులో నడిచాడు. ఐబీఎంలో ఫ్రెడరిక్ జెలినెక్ బృందమూ దాన్నే నమ్ముకుంది.

మన దగ్గర గురువు మాట కాదన్న శిష్యుడికి సాధారణంగా ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఇక్కడ గురువు, తనకు ఆ దారి మీద నమ్మకం లేదని దాచకుండా చెబుతూనే, దానిలో నడవడానికి కావాల్సిన యంత్రాలూ వసతులూ చూశారు. లీ ఆ సంగతి తర్వాత ఎన్నోసార్లు కృతజ్ఞతతో చెప్పుకున్నాడు.

1988కి 'స్ఫింక్స్' తయారైంది. 105 మంది గొంతుల్లో 4,200 వాక్యాలు విని నేర్చుకుంది. 997 మాటలు. ముందు గొంతు అలవాటు చేయనక్కర్లేదు, ఎవరు మాట్లాడినా వింటుంది. దాని ఫలితాల్లో మూడు అంకెలున్నాయి. మా పెద్దనాయన అడిగినదానికి అసలు జవాబు వాటిలోనే ఉంది.

ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో ఏమీ చెప్పకుండా, చెవి ఒక్కటే నమ్ముకోమంటే, స్ఫింక్స్ నూటికి 71 మాటలు సరిగ్గా విన్నది. ఏ మాట పక్కన ఏది రాగలదో జతలు చెబితే 94. ఏ జత ఎంత తరచుగా వస్తుందో కూడా చెబితే 96. చెవి అదే, మైకు అదే. పెరిగిందల్లా ఊహ.

యంత్రం వినడమంటే ఇదీ. సగం చెవి, సగం ఊహ. ఊహకు మూలం అంతకుముందు విన్నవి. గుడ్ల రేటు గురించి రోజూ వార్తలొస్తాయి, పట్టికలొస్తాయి, జనం వెతుకుతారు. బుడ్డల రేటు గురించి రాసేవాళ్లు వేరుశనగ అని రాస్తారు. పెదాల పేలుడు సరిగ్గా అందని ఆ క్షణంలో, తాను వెయ్యిసార్లు విన్నదాని వైపు ఫోను మొగ్గింది. దానిది చెవుడు కాదు. మా ఊరు తెలియకపోవడం.

విననిది ఊహించలేదు

రెడ్డి శిష్యులు లోకం మీద పడ్డారు. జేమ్స్ బేకర్, ఆయన భార్య జానెట్ 1982లో డ్రాగన్ సిస్టమ్స్ పెట్టారు. 1997లో వాళ్ల సాఫ్ట్‌వేరుతో జనం ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని మామూలుగా మాట్లాడుతూ ఉత్తరాలు రాయించుకున్నారు. కై-ఫు లీ ఆపిల్‌కు పోయాడు. రెండో స్ఫింక్స్ కట్టిన షూడాంగ్ హువాంగ్ మైక్రోసాఫ్ట్‌కు పోయాడు. రాజ్ రెడ్డికి 1994 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో దానికి మించింది లేదు. ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. 2001లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

కానీ కాటూరు ఆయన్ను వదల్లేదు. 2004 ప్రాంతంలో ఆయన పీసీటీవీటీ అని ఒక పరికరం మీద పనిచేశారు. కంప్యూటరు, టీవీ, ఫోను అన్నీ ఒకటిగా, చదువు రాని పల్లె మనిషి కూడా వాడుకునేట్టు. 2008లో పల్లె పిల్లల కోసం పుట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి మొదటి కులపతి ఆయనే. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన మా వైపు పిల్లలు పెట్టె సర్దుకుని పోయే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ దానిదే.

2010 తర్వాత లెక్కల దారి మరింత వెడల్పయింది. మెదడు నాడుల అల్లికను పోలిన నెట్‌వర్కులు వచ్చి, అప్పటిదాకా విడివిడిగా ఉన్న చెవినీ ఊహనూ దాదాపు ఒకటి చేసేశాయి. 2022లో ఓపెన్ఏఐ విడుదల చేసిన 'విస్పర్' 6,80,000 గంటల మాటలు విని తయారైంది. అందులో 1,17,000 గంటలు ఇంగ్లీషు కాని 96 భాషలవి. తెలుగుకు దక్కింది బహు కొంచెం. 2011 జనగణన ప్రకారం ఎనిమిది కోట్లకు పైగా జనం మాట్లాడే భాష మనది.

పైగా తెలుగు అల్లిక వేరు. "నేనేమన్నానంటే" అన్నది ఒక్క ఊపిరి. అందులో నేను, ఏమి, అన్నాను, అంటే అని నాలుగు మాటలున్నాయి. ఎక్కడ తెంపాలో శబ్దంలో గుర్తు ఉండదు. ఇంగ్లీషుకు వెయ్యి మాటల పట్టీ రాసినట్టు తెలుగుకు రాయలేం. ఒక్క 'పోవు' ధాతువుకే పోతాను, పోతాండా, పోవాల్నంటే, పోకుంటే అని రూపాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. 'గడి'కీ 'గడ్డి'కీ తేడా నాలుక అంగిలి మీద ఎంతసేపు ఆగిందన్నదే. కాస్త ఆలస్యమైతే చదరంగం గడి పశువుల మేతవుతుంది.

ఈ చిక్కులతో మనవాళ్లు ఎప్పటినుంచో కుస్తీ పడుతున్నారు. 1970ల చివర్లో కార్నెగీ మెలన్‌లో కొన్నేండ్లు ఉండి వచ్చిన బయ్య యజ్ఞనారాయణ, మద్రాసు ఐఐటీలో, ఆపైన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో మాట పరిశోధకులను తరాలుగా తయారుచేశారు. ఇప్పుడు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం, 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి, భారతీయ భాషల గొంతులు పోగుచేస్తున్నాయి. స్టూడియో గొంతులు కాదు, మామూలు జనం గొంతులు. ఆ పోగులో 'బుడ్డలు' అని ఎందరు అంటే, 'పోతాండా' అని ఎందరు అంటే, యంత్రం ఊహ అంత మేరకు మా వైపు ఒరుగుతుంది. వినిపించనిదాన్ని అది ఊహించలేదు.

గానుగ

ఇదంతా విన్నాక పెద్దనాయన మళ్లీ మైకు నొక్కాడు. ఈసారి కేకేయలేదు. బడిలో పద్యం ఒప్పజెప్పే పిల్లాడిలా, పొడి పొడిగా, "వేరు... శనగ... ధర... ఎంత" అన్నాడు. ఫోను టక్కున విని, ఏవేవో మార్కెట్లలో క్వింటాలు ధరలు చూపించింది.

ఆయన మొహంలో సంతోషం లేదు.

"దీనికి ఇనపడాలంటే నేను రేడియోలో వార్తలు సదివేవాని మాదిరి మాట్లాడాల్నా?" అని, దాన్ని పక్కనపెట్టి, చొక్కా జేబులోంచి బొత్తాల ఫోను తీసి గానుగాయనకు చేశాడు. అవతల మోటారు రొద. ఆ రొద ఇవతల కూర్చున్న నాకు కూడా వినబడుతోంది.

"ఏమప్పా, బు..."

"బుడ్లకేనా అన్నా! రెండు మూటలు తీసిపెట్టినా. రేపు పొద్దన్నే రా, ఆడించుకొని పోదువు."

రేటు కూడా చెప్పాడు. పెద్దనాయన సరేనని ఫోను పెట్టేసి, నా వైపు తిరిగాడు.

"ఆ మోటారు కాడ నిలబడి నిలబడి, వానికి ఒక చెవు ఎప్పుడో పోయింది," అన్నాడు. "ఐనా ఇనపడె."